సావాసదోషం అని చేతులు దులుపుకుంటే సరిపోదు

మా అక్క కొడుకు కాలేజీ ప్యాంటు జేబులో కంటి చుక్కల మందు సీసా దొరికింది. బొటనవేలంత సీసా, సగం అయిపోయింది. వాషింగ్ మెషీన్‌లో వేసే ముందు జేబులు తడిమి చూడటం మా అక్కకి అలవాటు. సీసా చూసి తను అనుకున్నదేంటంటే, పిల్లాడు రాత్రీ పగలూ చదివి చదివి కళ్లు మండుతున్నట్టున్నాయి, చెబితే ఫోను చూడటం వల్లే అని తిడతానని వాడే కొనుక్కున్నాడు పాపం అని. నాకు ఫోన్ చేసింది కూడా ఆ జాలితోనే. "మంచి కంటి డాక్టరు ఎవరైనా ఉంటే చెప్పరా తమ్ముడూ" అంది.

నాకు గుండె గుభేలుమంది. ఎందుకంటే నాది హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో జిరాక్స్, స్టేషనరీ షాపు. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, ఇంటర్ కాలేజీలు. పదిహేనేళ్లుగా ఈ వయసు పిల్లలు నా కౌంటరు ముందు నిలబడి మాట్లాడుకునే మాటలు వింటున్నాను. "అన్నా, ఓసీబీ ఉందా" అని ఒకడు అడిగితే మొదట్లో అదేదో కొత్త రకం డ్రాయింగ్ పేపరేమో అనుకుని లేదమ్మా అన్నాను. అది చుట్టుకుని తాగే పల్చటి కాగితమని, అందులో చుట్టేది చాలాసార్లు పొగాకు ఒక్కటే కాదని, గంజాయి అని తర్వాత తెలిసింది. కళ్లు ఎర్రబడితే ఇంట్లో దొరికిపోతామని చుక్కలు వేసుకుంటారని, వేళ్లకి శానిటైజర్ రాసుకుంటారని, నోట్లో పుదీనా గమ్ వేసుకుని మెట్లెక్కుతారని కూడా అలాగే తెలిసింది. కానీ అవన్నీ ఎవరి పిల్లల సంగతో అనుకునేవాణ్ణి. మావాడికి పదహారేళ్లు.

ఆ సాయంత్రం మేం చేసిన పని గురించి ముందు చెప్పాలి. బావ కొట్టాడు. నేను పక్కనే ఉండి ఆపలేదు. ఆపకపోగా, "ఎవడ్రా నీకు అలవాటు చేసింది, పేరు చెప్పు" అని నాలుగైదు సార్లు గద్దించాను. వాడు చెప్పలేదు. ఫోను లాక్కుని, వాట్సాప్ చూసి, అందులో ఎక్కువ మెసేజ్‌లు ఎవరితో ఉన్నాయో చూసి, ఆ పిల్లాడి తల్లికి ఫోన్ చేసి మా అక్క నోటికొచ్చినట్టు తిట్టింది. అవతలావిడ ఏడ్చింది. కాలేజీకి వెళ్లి బ్రాంచి మార్పించాం. చుట్టాల్లో తెలిసినవాళ్లంతా ఒకటే మాట, సావాసదోషం. ఆరు నెలల సావాసం చేస్తే వారు వీరవుతారు కదా అని మా పెద్దమ్మ. మేం కూడా నమ్మాం, ఆ నలుగురు పోరగాళ్లని దూరం చేస్తే మావాడు మళ్లీ మావాడవుతాడని.

రెండు నెలలు తిరక్కుండా వాడు మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక ఒక్కడే కూర్చుని తాగుతూ దొరికాడు. పక్కన దోస్తులు లేరు, ఫోను లేదు. సావాసం మొత్తం తీసేశాం, అలవాటు మాత్రం అక్కడే ఉంది. అంతకుముందు నలుగురితో కలిసి వారానికి ఒకసారి చేసింది ఇప్పుడు ఒంటరిగా మూడు నాలుగు సార్లు చేస్తున్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది మేం అడగాల్సిన ప్రశ్న అడగలేదని. ఎవరు ఇచ్చారు అని అడిగాం. ఏ టైములో, ఏం అనిపించినప్పుడు తాగాలనిపించింది అని ఒక్కరం కూడా అడగలేదు.

తర్వాతి ఆదివారం వాణ్ణి బండి మీద ఎక్కించుకుని నాగోల్ వైపు తీసుకెళ్లాను. ఇంట్లో ఎదురెదురుగా కూర్చోబెడితే నోరు తెరవని పిల్లలు బండి వెనక కూర్చుంటే మాట్లాడతారు, మొహాలు కనపడవు కాబట్టి కావచ్చు. మూసీ బ్రిడ్జి దాటాక వాడే మొదలుపెట్టాడు. కాలేజీలో ప్రతి వారం టెస్టు పెడతారట, ఆదివారం సాయంత్రం ఆరింటికి ర్యాంకుల లిస్టు వాట్సాప్ గ్రూపులో వేస్తారట, అందరి పేర్లతో సహా, తల్లిదండ్రులు కూడా ఉన్న గ్రూపులో. దసరా సెలవుల తర్వాత వీణ్ణి పై సెక్షన్ నుంచి కిందికి దించారు. పదో తరగతి నుంచి కలిసున్న ఇద్దరు ఫ్రెండ్స్ పైన ఉండిపోయారు. రెండు సెక్షన్లకీ లంచ్ వేరు వేరు టైముల్లో. "వాళ్లు నన్ను వదిలెయ్యలేదు మామా, కానీ కనపడరు కదా" అన్నాడు. కొత్త సెక్షన్‌లో మొదటి వారమంతా ఒక్కడే తిన్నాడు. ఆ తర్వాత ఒకడు "రారా, ఇక్కడ కూర్చో" అన్నాడు. మేం ఫోన్ చేసి తిట్టించింది ఆ పిల్లాడి తల్లినే.

"వాడు బలవంతం చేశాడా?"

"లేదు మామా. నాకు వద్దులే అన్నాడు మొదట. నేనే ఇవ్వమన్నా."

ఈ మాట దగ్గర మనం ఆగాలి. మన ఊహలో తోటివాళ్ల ఒత్తిడి అంటే నలుగురు చేరి ఒకడి నోట్లో బలవంతంగా సిగరెట్ పెట్టడం. అలా జరగదని కాదు, ర్యాగింగుల్లో జరుగుతుంది. కానీ నా షాపు ముందు చూసినదాన్ని బట్టి, వీడు చెప్పినదాన్ని బట్టి, ఎక్కువసార్లు ఎవరూ బలవంతం చెయ్యరు. వీళ్లు నన్ను తమలో ఒకడిగా చూడాలి అన్న ఆరాటమే ఆ పని చేస్తుంది. ఆ ఆరాటం లేని పిల్లాడు ఈ వయసులో ఉండడు. దాన్ని తప్పు పట్టడం ఆకలేసినందుకు తిట్టడం లాంటిది.

డెనిస్ కాండెల్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1978లోనే టీనేజ్ స్నేహాల మీద రాసిన పేపర్లో ఈ సంగతి తేల్చింది. పిల్లలు ఫ్రెండ్స్‌ని చూసి మారడం ఎంత నిజమో, తమలాంటి వాళ్లనే వెతుక్కుని ఫ్రెండ్స్‌గా చేసుకోవడం కూడా అంతే నిజం. మనం మొదటిది ఒక్కటే పట్టుకున్నాం. రెండోది పట్టుకుంటే మన ఇంటి వైపు కూడా చూసుకోవాల్సి వస్తుంది, మావాడు వెతుక్కునేంత ఒంటరిగా ఎప్పుడయ్యాడు అని.

తోటివాళ్లు పక్కన ఉంటే పిల్లల బుర్ర ఎలా మారుతుందో చూపించిన ఇంకో ప్రయోగం ఉంది, నాకు బాగా నచ్చింది. 2005లో అమెరికాలో టెంపుల్ యూనివర్సిటీకి చెందిన మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ ఒక వీడియో గేమ్ ఆడించారు. కారు నడపాలి, పసుపు లైటు పడుతుంది, ఎంత దూరం పోతే అన్ని పాయింట్లు, కానీ ఎర్ర లైటు పడేసరికి కారు ఇంకా నడుస్తుంటే గోడకి గుద్దుకుని అన్నీ పోతాయి. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు, 18 నుంచి 22 ఏళ్ల వాళ్లు, 24 దాటిన పెద్దవాళ్లు ఆడారు, కొందరు ఒంటరిగా, కొందరు ఇద్దరు ఫ్రెండ్స్ పక్కనుండగా. పెద్దవాళ్లలో తేడా ఏమీ రాలేదు. టీనేజ్ పిల్లలు ఫ్రెండ్స్ పక్కనుంటే దాదాపు రెట్టింపు రిస్కు తీసుకున్నారు. ఆరేళ్ల తర్వాత అదే యూనివర్సిటీలో జేసన్ చైన్ ఇంకో అడుగు ముందుకేసి, పిల్లలు ఇలాంటి ఆట ఆడుతుంటే మెదడు స్కాన్ తీశాడు. ఫ్రెండ్స్ పక్క గదిలో ఉండి చూస్తున్నారు, అంతే. చూస్తున్నారని తెలిస్తే చాలు, టీనేజర్ల మెదడులో బహుమతికి, ఆనందానికి స్పందించే భాగం చురుగ్గా అయిపోయింది.

ఉప్పల్ రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర పది నిమిషాలు నిలబడితే ఇదే ప్రయోగం మీరూ చూడొచ్చు. ఒంటరిగా బండి మీద వచ్చే పోరడు రెడ్ పడగానే కాలు కింద పెడతాడు. అదే పోరడు ట్రిపుల్స్‌లో వస్తే ఆగడు. వాడికి రూల్ తెలీక కాదు, రెండు సందర్భాల్లోనూ తెలుసు. అందుకే "గంజాయి తాగితే ఏమవుతుందో మనవాడికి చెప్పాం కదండీ" అనే తల్లిదండ్రుల మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. చెప్పింది మధ్యాహ్నం అన్నం తిని ప్రశాంతంగా ఉన్నప్పుడు. దాన్ని గుర్తుతెచ్చుకోవాల్సింది నలుగురు చూస్తుండగా, అవమానంతో చెవులు వేడెక్కి ఉన్నప్పుడు. ముందూ వెనకా ఆలోచించి ఆగమని చెప్పే మెదడు ముందు భాగం పూర్తిగా తయారయ్యేసరికి పాతికేళ్లు వస్తాయి, ఉద్వేగాల భాగం మాత్రం పదమూడు పద్నాలుగేళ్లకే జోరు మీద ఉంటుంది. అమెరికాలో 1983లో మొదలైన డేర్ అనే కార్యక్రమంలో పోలీసులు బడులకి వెళ్లి మత్తు ప్రమాదాల గురించి ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. తర్వాత లెక్కలు తీస్తే, ఆ పాఠాలు విన్న పిల్లలకీ వినని పిల్లలకీ నిలిచే తేడా పెద్దగా కనిపించలేదు. మన దగ్గర మత్తు వ్యతిరేక దినం, జూన్ 26 రాగానే ర్యాలీ తీసి, ప్లకార్డులు పట్టించి, ప్రతిజ్ఞ చేయించి ఫోటోలు దిగే కాలేజీలు ఈ ముక్క ఒకసారి ఆలోచించాలి. ఆ ప్లకార్డులు ప్రింటు చేసేది నేనే, ప్రతి ఏడూ చేస్తాను. అదే కాలేజీ ఆదివారం ఆరింటికి ర్యాంకుల లిస్టు వేస్తుంది.

ఇక బాధ సంగతి. ఎడ్వర్డ్ ఖాంట్జియన్ అనే సైకియాట్రిస్టు 1985లో ఒక మాట రాశాడు. మత్తుకి అలవాటుపడేవాళ్లలో చాలామంది సుఖం కోసం కాకుండా, తట్టుకోలేని ఒక ఉద్వేగానికి తమకు తాము చేసుకునే వైద్యంలా దాన్ని వాడతారని. మావాడు ఆయన పేరు కూడా వినలేదు, అయినా అచ్చం అదే చెప్పాడు. "తాగితే ఆరింటికి లిస్టు వచ్చినా ఏం కాదు మామా. చూస్తా, కానీ తగలదు." తగలదు. ఈ మాట విన్నాక బండి పక్కకి ఆపేశాను, కాసేపు నడపలేకపోయాను.

మరి బాధ కలిగితే ఏదో ఒకటి వేసుకుని దాన్ని తగలకుండా చేసుకోవాలని వాడికి ఎవరు నేర్పారు? ఇక్కడ కాస్త కటువుగానే రాస్తాను. మేమే నేర్పాం. మా ఇళ్లలో ఫంక్షన్ అయితే సిట్టింగ్ ఉండాలి. మగవాళ్లంతా మేడ మీద కూర్చుంటారు, ఐసు, సోడా, మిక్చర్ ప్యాకెట్లు తెమ్మని పంపేది పదీ పన్నెండేళ్ల పిల్లల్నే. ఆఫీసులో గొడవైతే "టెన్షన్‌గా ఉంది, రెండు పెగ్గులు వెయ్యాలి" అని పిల్లల ముందే అంటాం. చావు ఇంటి నుంచి వచ్చినా అదే, ప్లాటు అమ్ముడుపోయినా అదే. ఒక్కసారైనా మా బావ గానీ నేను గానీ వాడి ముందు "ఇవాళ నాకు చాలా అవమానమైందిరా, ఏడుపొస్తోంది" అన్నామా? అనలేదు. మగపిల్లాడికి కోపం, నవ్వు తప్ప మూడో భావం ఉందని మేం చూపించనే లేదు.

మన ఊరి చరిత్ర కూడా చూడండి. హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి కల్లులో కలుపుతున్నది ఏంటి? ఆల్ప్రాజోలం, డైజీపాం. అవి ఆందోళన తగ్గించడానికి డాక్టర్లు రాసే మాత్రలే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు కాంపౌండ్లు మూతపడ్డాక చేతులు వణుకుతూ, ఫిట్స్ వస్తూ, పొంతన లేకుండా మాట్లాడుతూ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం బారులు తీరారు. పొద్దంతా ఒళ్లు హూనం చేసుకున్న మనిషి టెన్షన్ మాత్ర కరిగిన సీసా కొనుక్కుని ఇంటికెళ్లాడు, మనం దానికి అలవాటని పేరు పెట్టి ఊరుకున్నాం. మనసుకి బాధైతే మాట్లాడటానికి ఒక మనిషి ఉండాలనే ఆలోచన పెద్దవాళ్లకే లేని ఊళ్లో పిల్లలకి ఎక్కడి నుంచి వస్తుంది?

బాధ ఒక్కటే కాదు, సంతోషం కూడా అంతే. డిసెంబర్ 31, పరీక్షలైన రోజు, ఫేర్‌వెల్, ఎవడిదో బర్త్‌డే. ఉత్సాహం పట్టలేనప్పుడు ముందూ వెనకా చూడకుండా దూకే గుణం కొందరిలో ఎక్కువని, దాన్ని కూడా మత్తు అలవాటుతో ముడిపెట్టి మనస్తత్వ శాస్త్రంలో చాలా పరిశోధన ఉంది. మా షాపుకొచ్చే ఆడపిల్లల్లో పెన్‌డ్రైవ్‌లా కనపడే వేప్‌లు నేను చూశాను. ఈ-సిగరెట్లని 2019లో దేశమంతా నిషేధించారు, అయినా దొరుకుతున్నాయి. ఇంకా చిన్నవాళ్లు, బడి మానేసి తిరిగే పిల్లలు, వైట్నర్, పంక్చర్ సొల్యూషన్ పీలుస్తారు. సామాజిక న్యాయ శాఖ ఎయిమ్స్‌తో చేయించి 2019లో బయటపెట్టిన దేశవ్యాప్త సర్వేలో, పెద్దవాళ్ల కంటే పిల్లల్లోనే ఎక్కువగా కనిపించిన మత్తు ఇలా వాసన పీల్చేది ఒక్కటే. పెద్దవాళ్లలో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం. ఆరేడేళ్ల కింద ఒక పిల్లాడు నా దగ్గర వరుసగా మూడు రోజులు వైట్నర్ కొన్నాడు, చేతిలో ఒక్క పుస్తకం లేదు. మూడో రోజు ఎందుకురా అని అడిగాను. పారిపోయాడు. మళ్లీ కనపడలేదు. అడిగిన గొంతు ఇంకోలా ఉండాల్సింది అని ఇప్పటికీ అనిపిస్తుంది.

సరే, మరి ఫ్రెండ్స్‌ని దూరం చెయ్యొద్దా అని అడుగుతారు. అమ్మేవాడి నుంచి తప్పకుండా దూరం చెయ్యండి. పిల్లలకి మత్తు పదార్థం, మందు, పొగాకు ఇచ్చినవాడికి జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు ఉంది. కానీ పక్కన కూర్చుని తాగిన పదహారేళ్లవాడు అమ్మేవాడు కాదు, వాడూ మీ పిల్లాడిలాగే ఒక ఆదివారం ఆరింటి నుంచి తప్పించుకుంటున్నవాడు. స్నేహం తీసేస్తే దాని చోట ఏం పెడుతున్నారు? మేం ఏమీ పెట్టలేదు. మూసిన గది తలుపు పెట్టాం. ఇంకా ఘోరం ఏంటంటే కొన్ని కాలేజీలు ఇలాంటి పిల్లలందర్నీ ఏరి ఒకే సెక్షన్‌లో, హాస్టల్లో ఒకే ఫ్లోర్‌లో పడేస్తాయి, కళ్ల ముందు ఉంటారని. థామస్ డిషన్, మరికొందరు 1999లో రాసిన పేపర్ చదివితే ఒళ్లు జలదరిస్తుంది. దారి తప్పుతున్న పిల్లల్ని బాగుచేద్దామని గుంపుగా కూర్చోబెట్టిన కార్యక్రమాల్లో కొన్నిటి వల్ల వాళ్లలో పొగాకు వాడకం, గొడవలు పెరిగాయి. ఒకడు తన ఘనకార్యం చెప్పడం, మిగతావాళ్లు నవ్వడం, ఆ నవ్వే బహుమతి కావడం.

ఐస్‌లాండ్ వాళ్లు దీన్ని తిరగేసి ఆలోచించారు. 1998లో అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో ఒకసారైనా తాగి మత్తులో పడినవాళ్లు. 2016కి అది 5 శాతం. రాత్రిళ్లు బయట తిరగకుండా చట్టం పెట్టారు, నిజమే. దాంతో పాటు ఆటలకి, సంగీతానికి, క్లబ్బులకి ప్రభుత్వమే డబ్బు పెట్టింది, పిల్లలతో ఎక్కువసేపు గడపమని తల్లిదండ్రులకి నచ్చజెప్పారు. పిల్లలకి గుంపు కావాలి, థ్రిల్ కావాలి, బాధ మరిచిపోయే దారి కావాలి, కాబట్టి అవన్నీ మత్తు లేకుండా దొరికే చోట్లు కట్టారు. నాలుగు లక్షల జనాభా కూడా లేని దేశం, మనతో పోలికేంటి అనొచ్చు. ఒప్పుకుంటా. కానీ ఒక్క గ్రౌండ్ కూడా లేకుండా మూడంతస్తుల షాపింగ్ కాంప్లెక్స్ పైన వెయ్యిమంది పిల్లల్ని పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా కూర్చోబెట్టడానికి జనాభా కారణం కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్దామంటే మా అక్క ఒప్పుకోలేదు. ఎర్రగడ్డ అన్న మాటే ఈ ఊళ్లో తిట్టు కదా, "ఎర్రగడ్డకి పంపాలి వీణ్ణి" అని మనం నవ్వుకుంటూ అనే మాట. బావకి పోలీసు కేసు భయం. దీనికి మాత్రం నేను చదివి చెప్పాను. మత్తు మందుల చట్టంలోనే 64ఎ అనే సెక్షన్ ఉంది, తన వాడకం కోసం తక్కువ మొత్తంతో పట్టుబడినవాడు కూడా తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన చోట చికిత్సకి వెళ్లి పూర్తి చేస్తే ఆ కేసు నుంచి రక్షణ ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం వివరాలు గోప్యంగా ఉంచాలి. మత్తు మానడం గురించి అడగడానికి 14446 ఉంది, మనసు బాగోకపోతే మాట్లాడటానికి ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416 ఉంది, రెండూ ఉచితం. గంజాయి వాడినవాళ్లలో మొత్తం మీద సుమారు 9 శాతం మందికి అది వదల్లేని వ్యసనమైతే, టీనేజ్‌లో మొదలుపెట్టినవాళ్లలో ఆరుగురిలో ఒకరికి అవుతుంది అని చెప్పాక బావ మెత్తబడ్డాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే మారకుండా ఎర్రగడ్డ దాకా వెళ్లిపోవచ్చు. మా అక్క దారంతా కొంగు తల మీద కప్పుకుని కూర్చుంది.

ఓపీలో డాక్టరు వాణ్ణి ఎవరిచ్చారు అని అడగలేదు. రోజులో ఏ టైముకి అనిపిస్తుంది, దానికి ముందు ఏం జరుగుతుంది, ఆ అనిపించేదానికి నీ మాటల్లో పేరు పెట్టు అని కాగితం ఇచ్చింది. వాడు చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని "సిగ్గు" అని ఒక్క మాట రాశాడు.

అది నాలుగు నెలల కిందటి మాట. మధ్యలో ఒకసారి మళ్లీ తాగాడు, వాడే వచ్చి చెప్పాడు, బావ ఈసారి చెయ్యెత్తలేదు. కాలేజీకి వెళ్లి ర్యాంకుల లిస్టు గ్రూపులో వెయ్యకండి, ఎవరిది వాళ్లకి పంపండి అని అడిగాం. అందరికీ ఒకే పద్ధతి అన్నారు. మళ్లీ అడుగుతాం, ఈసారి ఇంకో పదిమంది తల్లిదండ్రులతో వెళ్లి. పై సెక్షన్‌లో ఉండిపోయిన ఆ ఇద్దరు పాత ఫ్రెండ్స్‌ని మా అక్క ఇంటికి భోజనానికి పిలిచింది, వాళ్లకి ఏమీ తెలీదు, వీడు కోపంగా ఉన్నాడేమో అనుకుని దగ్గరికి రాలేదట.

ఆదివారం అయిదున్నరకి షాపు మూసేసి నేను వాళ్లింటికి వెళ్తున్నాను. లిస్టు వచ్చే టైముకి బండి మీద ఉంటాం. కొన్ని వారాలు మాట్లాడతాడు, కొన్ని వారాలు నాగోల్ దాకా వెళ్లి మిర్చి బజ్జీ తిని మాట లేకుండా తిరిగొస్తాం.

పోయిన వారం వాడు అడిగాడు, ఆ "రారా, ఇక్కడ కూర్చో" అన్న పిల్లాడు కాలేజీ మానేసి ఇంట్లోనే ఉంటున్నాడట, వాణ్ణి కూడా తీసుకెళ్దామా అని. మా అక్క ముందు వాళ్లమ్మకి ఫోన్ చేసి క్షమించమని అడగడానికి రెండు రోజులు తీసుకుంది, అడిగింది. ఈ ఆదివారం ఇద్దరూ వస్తారు. బండి మీద ట్రిపుల్స్ వద్దు కాబట్టి మెట్రోలో వెళ్తున్నాం.